ఇటాలియన్ కండిషనల్ రూపాల్లో ఊనిక ఎక్కడ పడుతుంది?

‘మాట్లాడు’ అనే అర్థమిచ్చే పార్లారె క్రియకు కండిషనల్ రూపాలను, అంటే ‘వీలుంటే మాట్లాడేవాణ్ణి’ వంటి షరతు అర్థమిచ్చే రూపాలను, అక్షరాలుగా ఎలా విడదీయాలి, ఏ అక్షరాన్ని ఊది పలకాలి అని మీరు అడిగారు. ఇటలీలోని బొలోన్యాలో చదువుకున్న రెండేళ్లలో నన్ను ఎక్కువగా తికమకపెట్టినవి ఈ రూపాలే.

ఆరు రూపాల్లోనూ ఊనిక ‘రె’తో మొదలయ్యే అక్షరం మీదే పడుతుంది: పార్-లె-రెయ్, పార్-లె-రె-స్తి, పార్-లె-రెబ్-బె, పార్-లె-రెమ్-మొ, పార్-లె-రె-స్తె, పార్-లె-రెబ్-బె-రొ. మొదటిదానిలో ‘రెయ్’ ఒకటే అక్షరం, దానిని రెండుగా విడదీయకూడదు. నేను పొరపడినది చివరి రూపం దగ్గర. ఇటాలియన్ మాటల్లో ఎక్కువ భాగం చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనికతో పలుకుతారు కాబట్టి, ఆ అలవాటుతో నేను ‘బె’ను ఊది పలికేవాణ్ణి, మా ఇంటి యజమానురాలు ప్రతిసారీ ఓపికగా సరిదిద్దేవారు. ఈ రూపాలు పుట్టిన తీరు తెలిశాక ఆ తప్పు మళ్లీ చేయలేదు. ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న అవేరె క్రియ భూతకాల రూపాలు మూల క్రియకు అతుక్కొని ఇవి ఏర్పడ్డాయి. ఎబ్బె, ఎబ్బెరొ అనే ఆ రూపాలు నేటికీ విడిగా ఉన్నాయి, వాటిలో ఊనిక మొదటి ‘ఎ’ మీదే ఉంటుంది. చివర ‘రొ’ చేరినా అది కదలదు. వొర్-రెయ్ (‘కోరు’ క్రియ నుంచి), సా-రెబ్-బె-రొ (‘ఉండు’ క్రియ నుంచి) వంటి, మామూలు నియమానికి లొంగని అపవాద క్రియల్లోనూ మారేది ముందు భాగమే.

విభజనలో మన లిపి సగం తోడ్పడుతుంది, సగం దారి తప్పిస్తుంది. మనం ‘స్తి’ని ఒకే గుర్తుగా రాసినట్టే ఇటాలియన్‌లోనూ పంక్తి చివర స, త కలిసి తరవాతి భాగానికే పోతాయి. ద్విత్వాన్ని మాత్రం వారు మధ్యకు చీలుస్తారు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది భవిష్యత్ రూపంతో ఉన్న తేడా. ‘వెళతాం’ అనడానికి ఆంద్రేమొ, ‘వీలుంటే వెళ్లేవాళ్లం’ అనడానికి ఆంద్రెమ్మొ. రాతలో తేడా ఒక్క ‘మ’కారమే అయినా, మొదటిదానిలో ఊనిక పడిన అచ్చు సాగుతుంది, రెండోదానిలో అచ్చు కురచై హల్లు నిలుస్తుంది. దీర్ఘానికీ ద్విత్వానికీ అలవాటుపడిన తెలుగు చెవికి ఇది కష్టం కాదు, కానీ నోరు తొందరపడుతుంది. ఒకసారి శనివారం రావెన్నా వెళతామని చెప్పబోయి నేను ఆంద్రెమ్మొ అన్నాను. స్నేహితురాలు నిజమైన ఆందోళనతో, మరి అడ్డేమిటని అడిగింది.