బాపు బొగ్గుబాయిల, బిడ్డ కార్బన్ లెక్కల్లో: ఎంఏ ఎకనామిక్స్ చెయ్యొచ్చా?

ప్రశ్న: సార్, నేను కోఠిలో బీఏ ఫైనల్ ఇయర్, ఎకనామిక్స్. ప్రాజెక్టు టాపిక్ ఆర్థిక వృద్ధి, రెన్యువబుల్ ఎనర్జీ, కార్బన్ ఉద్గారాలు. వరల్డ్ బ్యాంక్ డేటా తీస్తే మన దేశంలో రెన్యువబుల్ శాతం 1990 కన్నా ఇప్పుడే బాగా తక్కువుంది, సోలార్ ఇంత పెరిగినా! నేనేమన్నా తప్పు చేసిన్నా? ఇదే లైన్‌లో ఎంఏ చెయ్యాలనుంది. మా బాపు గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడు. బొగ్గు తిండి తిని బొగ్గుకే ఎదురు చదువుతవా, బీఈడీ చేసి టీచరైపో అంటున్నడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు నీ డేటా సంగతి చూద్దాం తల్లీ, కెరీర్ సంగతి కూడా అందులోనే ఉంది. నువ్వేం తప్పు చెయ్యలేదు. వరల్డ్ బ్యాంక్ డేటాలో ఆ రెన్యువబుల్ కాలమ్‌లో సోలార్, గాలిమరలే కాదు, కట్టెలు, పిడకలు, పంట చెత్త కూడా రెన్యువబుల్ కిందే లెక్క. 1990లో మనం వాడిన ఎనర్జీలో సగానికి పైన రెన్యువబుల్ అని కనిపిస్తుంది చూడు, అందులో ఎక్కువ భాగం పొయ్యిలో కట్టెలే. మీ నానమ్మ కట్టెల పొయ్యి మీద వండినన్ని రోజులు ఆ లెక్క ప్రకారం రెన్యువబుల్ వాడినట్టే, ఇంటికి గ్యాస్ బండ రాగానే ఆ శాతం తగ్గింది. ఇది చూసుకోకుండా కాలమ్‌ని అట్లనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, వచ్చిన అంకెని పట్టుకుని పెద్ద పెద్ద మాటలు రాస్తే ఎంత తప్పుదారి పడుతుందో ఆలోచించు. నువ్వు ఆ అంకె చూసి ఆగి అడిగావు, నాకు చాలా సంతోషమనిపించింది, ఈ ఫీల్డ్‌లో పనికొచ్చే గుణం అదే.

ఇంకో గుంత కూడా ఉంది. కరెంటు కెపాసిటీలో, అంటే ప్లాంట్లన్నీ కలిసి ఎంత తయారుచెయ్యగలవో ఆ లెక్కలో, సగం బొగ్గు, గ్యాస్ కానిదే అని 2025లో కేంద్రం ప్రకటించింది, నిజమే, కానీ తయారయ్యే కరెంటులో ఇప్పటికీ దాదాపు ముప్పావు వంతు బొగ్గుదే. ఎందుకంటే ప్యానెల్ పగలే పనిచేస్తుంది, 100 మెగావాట్ల సోలార్ ఏడాదంతా సగటు తీస్తే 20 మెగావాట్ల దగ్గర తేలుతుంది. మీ ఊరి పక్కనే రామగుండంలో ఎన్టీపీసీ చెరువు మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ఉంది కదా, 2022లో మొదలైంది, పక్కనే 2600 మెగావాట్ల పాత బొగ్గు ప్లాంట్, రెండింటినీ ఒకే కొలతతో కొలిస్తే కుదరదు. అందుకే ప్రాజెక్టులో కెపాసిటీ కాకుండా తయారైన యూనిట్లు తీసుకో, సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ సైట్‌లో ఫ్రీగానే ఉంటాయి.

ఇక వృద్ధి సంగతి. 2005 నుంచి 2020 మధ్య మన జీడీపీలో ఒక్కో రూపాయికి వచ్చే ఉద్గారాలు 36 శాతం తగ్గాయి, అయినా మొత్తం ఉద్గారాలు పెరిగాయి. చిన్న లెక్క చెప్తా, జీడీపీ ఏడాదికి 7 శాతం పెరిగి, రూపాయికి పొగ 3 శాతమే తగ్గితే మొత్తం పొగ సుమారు 4 శాతం పెరుగుతుంది, అంతే. హైదరాబాద్‌లో కొత్త టవర్లు, కొత్త ఏసీలు వచ్చేంత స్పీడుగా సోలార్ రాకపోతే మిగతా భారం బొగ్గు మీదే పడుతుంది. ధనిక దేశం అయ్యాక పొల్యూషన్ తానే తగ్గుతుందనే కుజ్‌నెట్స్ గీత మీకు క్లాసులో చెప్పే ఉంటారు, బ్రిటన్‌లో 1990 నుంచి ఉద్గారాలు సగానికి పడ్డాయి, ఎకానమీ మాత్రం పెరిగింది, కానీ అది తనంతట జరగలేదు, బొగ్గు ప్లాంట్లు మూశారు, చివరిది 2024 సెప్టెంబర్‌లో. పైగా వాళ్ళు వాడే సరుకు కొంత వేరే దేశాల్లో తయారవుతోంది, ఆ పొగ అక్కడి ఖాతాలో పడుతుంది.

ఉద్యోగాల మాట ఉన్నదున్నట్టు చెప్తా. క్లైమేట్ ఎకనామిస్ట్ అనే పేరుతో ఫ్రెషర్ పోస్టులు తక్కువే, ఆ పేరున్న ఖరీదైన కోర్సుల్లో లక్షలు పొయ్యకు. పని మాత్రం ఉంది. స్టాక్ మార్కెట్‌ని చూసుకునే సెబీ రూల్‌తో టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు ఏటా పర్యావరణ లెక్కలు చూపించాలి, 2026 జనవరి నుంచి యూరప్ మనం అక్కడికి పంపే స్టీలు, అల్యూమినియం, సిమెంటు మీద కార్బన్ లెక్క కడుతోంది, మన దేశంలోనూ పొగ తగ్గించిన కంపెనీలు ఆ మేరకు క్రెడిట్లు అమ్ముకునే కార్బన్ ట్రేడింగ్ స్కీమ్ వచ్చింది, వీటన్నిటికీ అంకె లోపల ఏముందో చూడగలిగేవాళ్ళు కావాలి. నువ్వు ప్లెయిన్ ఎంఏ ఎకనామిక్స్ చెయ్యి, హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ)కి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకి సీపీగెట్, ఈ రెండు ఎంట్రన్స్‌లూ రాయి. మ్యాథ్స్ వీక్ అయితే ఇప్పట్నుంచే స్టాటిస్టిక్స్ పట్టు, లెక్కలు చేసే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఫ్రీ, రోజూ గంట చాలు. ఎంఏ అయితే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ కూడా రాయొచ్చు. ఎంఏ తర్వాత కావాలంటే బీఈడీ చెయ్యొచ్చు, ఆ తలుపు మూసుకుపోదు, బాపుకి ఈ మాట ముందు చెప్పు.

ఆయన భయం తప్పు కాదు తల్లీ. వదిలే పొగ, తీసేసే పొగ సమానం చెయ్యాలనే దేశం నెట్ జీరో టార్గెట్ 2070, బొగ్గు రేపే ఆగిపోదు, సింగరేణి కూడా సోలార్ ప్లాంట్లు పెట్టింది. కానీ బాయిలు మూసే రోజు గోదావరిఖని, మందమర్రి లాంటి ఊళ్ళ బతుకు ఏంటి, ఆ కార్మికుల పిల్లలకి ఏ పని, ఆ డబ్బు ఎవరు పెట్టాలి, ఇదంతా కూడా ఇదే సబ్జెక్టు. ఫస్ట్ షిఫ్ట్ సైరన్ వింటూ పెరిగిన పిల్ల ఆ లెక్క వేస్తే ఎట్లా ఉంటదో, ఎప్పుడూ బాయి చూడనివాళ్ళు వేస్తే ఎట్లా ఉంటదో నువ్వే ఆలోచించు. బొగ్గుకి ఎదురు చదవడం కాదు ఇది.

ఈసారి ఇంటికి పోయినప్పుడు రెండు గీతలు గీసి తీసుకెళ్ళు, ఒకటి కట్టెలు కలిపి, ఒకటి కట్టెలు తీసేసి. బాపు ముందు పెట్టి, ఇది నానమ్మ పొయ్యి, ఇది ఎన్టీపీసీ చెరువు మీది ప్యానెల్ అని చూపించు.