మలుపులో గాలి పోతోంది, చైను ఊడుతోంది

ప్రశ్న: సైక్లోక్రాస్ (బురద, గడ్డి, అడ్డంకుల దారిలో సాగే సైకిలు పందెం) పోటీ కోసం సైకిలు బిగించుకున్నాను. ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైర్లు, నా బరువు 65 కిలోలు. మలుపులో గాలి ఫస్సుమని పోతోంది, గతుకుల్లో చైను ఊడుతోంది.
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: మొదట టైరు విప్పి రిమ్ము టేపు (స్పోకుల రంధ్రాలను మూసే పట్టీ) చూడండి. అది రిమ్ము లోపలి వెడల్పుకన్నా 2, 3 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. అంచు ముడత పడితే అక్కడే గాలి కారుతుంది. పాతది పీకి, స్పిరిట్‌తో తుడిచి, బిగలాగి రెండు చుట్లు వేయండి. చక్రానికి 60 మిల్లీలీటర్ల సీలెంట్ (చిన్న చిల్లులను మూసే ద్రవం) పోయండి. మన ఎండలకు త్వరగా గడ్డకడుతుంది కాబట్టి వేసవిలో నెలనెలా చూడాలి. గాలి ముందు 28, వెనక 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టి ఒక్కొక్క పీఎస్ఐ చొప్పున తగ్గించండి. రిమ్ము రాయికి తగిలినా, మలుపులో టైరు పక్కకి ఒరిగినా రెండు పెంచండి. చాలామంది పట్టు కోసమని గాలి మరీ దించేస్తారు, మీకూ అదే జరిగి ఉండొచ్చు.

చైనుకి ముందు ఒకే పళ్లచక్రం చాలు: 40 పళ్లది, ఒక పన్ను సన్నగా, పక్క పన్ను లావుగా వరసగా ఉన్నది. వెనక డీరెయిలర్‌కి (గేర్లు మార్చే భాగానికి) క్లచ్ (చైను ఎగరకుండా బిగువుగా పట్టేది) తప్పనిసరి, దాని మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి.

యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) సైక్లోక్రాస్ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. వరిమడి బంకమట్టి పట్టేస్తుంది, ఫ్రేముకీ టైరుకీ మధ్య వేలు దూరేంత సందు ఉంచండి.