నొప్పి లేదు, ఎరుపు లేదు... అయినా కన్ను చూపించుకోవాలా?

హెచ్‌ఐవితో జీవిస్తున్నవారి కంటి సమస్యలపై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాము. అడిగినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. నెల క్రితం హెచ్‌ఐవి ఉన్నట్టు తేలింది. సీడీ4 కౌంట్ 38 అన్నారు. హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఇంకా మొదలుపెట్టలేదు. కొద్ది రోజులుగా కుడికంటి ముందు నల్లటి చుక్కలు, పోగులు తేలుతున్నట్టు కనిపిస్తున్నాయి. నొప్పి, ఎరుపు, నీరు కారడం ఏవీ లేవు. కళ్లద్దాల దుకాణంలో పరీక్ష చేయించుకుంటే చూపు బాగానే ఉందన్నారు. నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: ఉండకూడదు. మీ ఉత్తరంలో నా దృష్టి మొదట పడింది 38 అనే అంకె మీద. సీడీ4 కౌంట్ అంటే రోగనిరోధక శక్తికి ఆయువుపట్టైన ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క. చుక్కలు, పోగులు ఆరోగ్యవంతుల్లో కూడా వయసు పెరిగేకొద్దీ కనిపిస్తాయి కాబట్టి అందరూ కంగారు పడనక్కర్లేదు; కానీ సీడీ4 కౌంట్ 50 కన్నా తగ్గినవారిలో అవి కొత్తగా మొదలైతే, సైటోమెగలోవైరస్ రెటీనాకు సోకిందేమోనని ముందుగా అనుమానించాలి. ఈ వైరస్ చాలామంది పెద్దవాళ్ల శరీరంలో ఎప్పుడో ప్రవేశించి అణిగి ఉంటుంది. రోగనిరోధక శక్తి బాగా పడిపోయాక మళ్లీ విజృంభించి, కంటి లోపలి పొర అయిన రెటీనాను కొద్దికొద్దిగా తినేస్తూ పోతుంది.

నొప్పి, ఎరుపు లేవు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. రెటీనాలో నొప్పిని తెలిపే నాడులు లేవు. పైగా ఎరుపు, వాపు అనేవి ప్రధానంగా రోగనిరోధక కణాలు పోరాడుతున్నప్పుడు వచ్చే లక్షణాలు. ఆ కణాలే తగ్గిపోయిన శరీరంలో కన్ను పైకి తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటూనే లోపల దెబ్బతింటుంది. ఎర్రబడిన కంటికి పరుగెత్తి వచ్చేవారు, ఇలాంటి కంటిని మాత్రం నెలల తరబడి వాయిదా వేయడం మేము తరచూ చూస్తుంటాము.

ఇక దుకాణంలో చేసిన పరీక్ష సంగతి. చార్టు మీద అక్షరాలు చదివించడం వల్ల ముఖ్యంగా రెటీనా నడిమి భాగమైన మాక్యులా పనితీరే తెలుస్తుంది. ఈ ఇన్ఫెక్షన్ తరచుగా అంచుల దగ్గర మొదలవుతుంది కాబట్టి, చివరి వరుస దాకా తడబడకుండా చదివేవారి కంట్లో కూడా అది ఉండవచ్చు. మీకు కావలసింది కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి చేసే రెటీనా పరీక్ష. చుక్కలు పనిచేసేదాకా కూర్చోబెట్టి, ఆ తరువాత వైద్యులు తలకు దీపం తగిలించుకొని, చేతిలో లెన్స్ పట్టుకొని, మిమ్మల్ని పైకి, కిందికి, పక్కలకు చూడమంటూ రెటీనా అంచుల దాకా వెతుకుతారు. వెలుతురు గుచ్చుకున్నట్టు ఉంటుంది, కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు మసకబారతాయి, ఆ రోజు బండి నడపకూడదు. అంతకుమించి ఇబ్బంది లేదు.

పరీక్షలో చిన్న చిన్న తెల్లని దూది మచ్చలు మాత్రమే కనిపిస్తే భయపడవలసింది లేదు. అవి సన్నని రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేవి, హెచ్‌ఐవి ఉన్నవారిలో ఎక్కువగా కనిపించేవి. సాధారణంగా చూపును పాడుచేయవు. రక్తనాళాల వెంబడి పసుపు కలిసిన తెల్లని మచ్చలు, వాటి మధ్య రక్తస్రావం కనిపిస్తే మాత్రం చికిత్స వెంటనే మొదలుకావాలి. సాధారణంగా ఈ వైరస్‌ను అణిచే వాల్‌గాన్‌సిక్లోవిర్ 900 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు భోజనంతో 21 రోజులు, తరువాత రోజుకు ఒక్కసారి ఇస్తారు. కిడ్నీల పనితీరును బట్టి మోతాదు మారుతుంది. ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది కాబట్టి రక్తపరీక్షలు మానకూడదు. మచ్చ మాక్యులాకు గాని, కంటి నరానికి గాని దగ్గరగా ఉంటే కంట్లోకే ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అయితే ఇంజెక్షన్ ఒక్కటే చాలదు. అది ఆ కంటినే కాపాడుతుంది గాని, రెండో కంటికి, మిగతా అవయవాలకు రక్షణ ఇవ్వదు. ఏఆర్‌టీ ఎప్పుడు మొదలుపెట్టాలో మీ వైద్యులు, కంటి వైద్యులు మాట్లాడుకొని నిర్ణయిస్తారు.

పోయిన రెటీనా తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ చికిత్స. అందుకే మీరు ఈ వారంలోనే వెళ్లాలి. మెరుపులు కనిపించినా, చూపులో ఒక పక్క తెర దించినట్టు అయినా రెటీనా ఊడుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు ఆ రోజే వెళ్లాలి.

ప్రశ్న: నా కంటికి సైటోమెగలోవైరస్ అని చెప్పి చికిత్స చేశారు. ఏఆర్‌టీ మొదలుపెట్టి ఐదు నెలలైంది. సీడీ4 కౌంట్ 20 నుంచి 160కి పెరిగింది, వైరల్ లోడ్ (రక్తంలో హెచ్‌ఐవి పరిమాణం) కూడా బాగా తగ్గింది. అన్నీ బాగున్నాయనుకుంటుంటే అదే కన్ను మళ్లీ మసకబారుతోంది. ఏఆర్‌టీ మాత్రలు పడటం లేదేమోనని అనుమానం. ఆపేయమంటారా?

జవాబు: దయచేసి ఆపవద్దు. ఏఆర్‌టీ పనిచేయడం వల్లనే ఇలా జరిగి ఉండవచ్చు. తిరిగి బలపడిన రోగనిరోధక కణాలు కంట్లో మిగిలి ఉన్న వైరస్ ఆనవాళ్ల మీద విరుచుకుపడినప్పుడు కంటి లోపల వాపు వస్తుంది. దీనిని ఇమ్యూన్ రికవరీ యువైటిస్ అంటారు. కంటి లోపలి ద్రవం మసకబారడం, మాక్యులా ఉబ్బడం, కొన్నాళ్లకు శుక్లం రావడం దీనివల్ల జరుగుతాయి. అయితే పాత ఇన్ఫెక్షనే తిరగబెట్టిందా, ఇది వాపేనా అన్నది రెటీనా చూసి తేల్చవలసిన విషయం. వాపే అయితే స్టెరాయిడ్ వాడవలసి రావచ్చు. ఇన్ఫెక్షన్ చురుకుగా ఉన్నప్పుడు స్టెరాయిడ్ హాని చేస్తుంది కాబట్టి, మందుల దుకాణంలో అడిగి చుక్కలు కొనుక్కునే పని మాత్రం పెట్టుకోవద్దు.

వాల్‌గాన్‌సిక్లోవిర్ కూడా సొంతంగా ఆపకూడదు. సీడీ4 కౌంట్ 100 దాటి, కనీసం మూడు నుంచి ఆరు నెలలు అలాగే నిలిచి, మచ్చలు మానిపోయాయని కంటి వైద్యులు నిర్ధారించిన తరువాతే ఆపుతారు.

ప్రశ్న: మా అన్నయ్య హెచ్‌ఐవికి టెనోఫోవిర్ ఉన్న మాత్ర, టీబీకి వేరే మాత్రలు వాడుతున్నాడు. మూడో నెలలో ఉన్నాడు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయంటున్నాడు. ఇది హెచ్‌ఐవి వల్లనా?

జవాబు: టీబీ మందుల్లో ఒకటైన ఇథాంబ్యుటాల్‌ను ముందు అనుమానించాలి. ఇది కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. రెండు కళ్లలోనూ, నొప్పి లేకుండా, నడిమి చూపు మసకబారుతుంది, ఎరుపు ఆకుపచ్చల తేడా తగ్గుతుంది. మోతాదు ఎక్కువైనా, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా మందు శరీరంలో నిలిచిపోయి ముప్పు పెరుగుతుంది. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీలపై ప్రభావం చూపుతుంది కాబట్టి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించాలి. రేపటిదాకా ఆగకుండా టీబీ వైద్యులకు ఫోన్ చేసి, ఇథాంబ్యుటాల్ విషయం తేల్చుకోండి. మిగతా మాత్రలన్నీ కలిపి మానేయవద్దు. సకాలంలో ఆపితే చూపు చాలామందిలో నెలల మీద మెరుగవుతుంది, అందరిలో కాదు.

తలనొప్పి, వాంతులతో పాటు చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా అది వేరే సంగతి. క్రిప్టోకాకస్ మెనింజైటిస్ (మెదడు పొరలకు సోకే ఒక ఫంగస్ ఇన్ఫెక్షన్) వల్ల తలలో ఒత్తిడి పెరిగినప్పుడు ఇలా జరుగుతుంది కనుక నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ప్రశ్న: నుదుటి మీద ఒక పక్క సర్పి లేచింది. ముక్కు కొన మీద కూడా రెండు పొక్కులున్నాయి. కన్ను చూపించుకోవాలా?

జవాబు: తప్పకుండా. ముక్కు కొనకూ కంటికీ వెళ్లే నాడి ఒకటే కాబట్టి అక్కడ పొక్కులొస్తే కన్ను దెబ్బతినే అవకాశం ఎక్కువ. పొక్కులు లేచిన మూడు రోజుల లోపే వైరస్‌ను అణిచే మందు మొదలుపెడితే మేలు.

ప్రశ్న: కన్నీళ్ల ద్వారా నా పిల్లలకు హెచ్‌ఐవి సోకుతుందా? తువ్వాలు వేరుగా పెట్టుకోవాలా?

జవాబు: సోకదు. పిల్లల కన్నీళ్లు మీరు, మీ కన్నీళ్లు వారు తుడవవచ్చు; తువ్వాలు కూడా ఒకటే వాడవచ్చు. ఇంట్లో ఎవరికైనా కళ్లకలక వచ్చినప్పుడు మాత్రం తువ్వాలు, దిండు గలీబు వేరుగా ఉంచాలి. ఆ జాగ్రత్త హెచ్‌ఐవి లేని ఇళ్లకు కూడా వర్తిస్తుంది.