ఫోన్ ఇవ్వమంటే ఇచ్చేయాలా?

ప్రశ్న: రాత్రి బైక్ మీద వస్తుంటే పోలీసులు ఆపి, ఫోన్ లాక్ తీయించి వాట్సాప్ చూశారు. తప్పు చేయనివాడికి భయమెందుకంటాడు మా బావ. మీరేమంటారు?

జవాబు: మీ బావగారి ఫోన్ ఓసారి మీ అక్క చేతికి ఇమ్మనండి, అప్పుడు తెలుస్తుంది! 2021 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ ఇదే తంతు, దారిన పోయేవాళ్లని ఆపి వాట్సాప్‌లో ‘గంజాయి’ అని కొట్టి వెతికారు, ఆ వీడియో చూసి జనం ఉలిక్కిపడ్డారు. గంజాయి మీద నాకూ కోపమే. కానీ గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ ఒకే మాటగా చెప్పారు కదా. కేసంటూ ఉంటే రాతపూర్వకంగా ఫోన్ అడిగే దారి చట్టంలో ఉంది, ఊరందరి జేబులూ తడమడం దర్యాప్తు కాదు. అర్ధరాత్రి నడిరోడ్డు మీద గొడవకి దిగమనను, “ఏ కేసులో సార్, నోటీసుందా?” అని మర్యాదగా అడగండి, ఆయన పేరు, టైమ్ రాసిపెట్టుకోండి.