అమ్మ "పర్లేదు" అంటోంది, రాత్రంతా మూలుగుతోంది: నర్సుకు ఏం చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి విశాఖలో మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగి మూడో రోజు. నర్సు వచ్చి "పదిలో నొప్పి ఎంత?" అంటే "పర్లేదమ్మా" అంటున్నారు. ఆమె అటు వెళ్ళగానే పళ్ళు బిగించి మూలుగుతున్నారు. మధ్యలో మీరు కల్పించుకుని చెప్పొచ్చా, నొప్పి మందులు ఎక్కువైతే అలవాటైపోతాయా అని మీ టెన్షన్.

చెప్పొచ్చు, చెప్పాలి కూడా. నేను ఇదే ఊళ్ళో పదహారేళ్ళుగా సర్జికల్ వార్డుల్లో నర్సుగా పనిచేస్తున్నాను. "పర్లేదు" అన్న మాట నమ్మి ఒక పెద్దాయన విషయంలో పొరపాటు చేశాను. ముందు అది చెబుతాను.

భీమిలి వైపు సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. కడుపు ఆపరేషన్ అయింది. నైట్ డ్యూటీలో ఎప్పుడు వెళ్ళి "ఎలా ఉంది తాతా?" అన్నా "ఏటీ లేదమ్మా, పర్లేదు" అనేవాడు. చార్టులో రెండు అని రాసి పక్క మంచానికి వెళ్ళిపోయేదాన్ని. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, ఛాతీలో గరగర. దగ్గితే కుట్ల దగ్గర ప్రాణం పోతోందని రాత్రంతా దగ్గు ఆపుకున్నాడు, నిండా ఊపిరి కూడా తీసుకోలేదు. కఫం లోపలే పేరుకుపోయింది. ఆయన అబద్ధం చెప్పలేదు. కదలకుండా పడుకుంటే నిజంగానే పర్వాలేదు. "ఒకసారి దగ్గు తాతా" అని నేను అడగలేదు, అంతే. అడిగి ఉంటే ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయేది.

అప్పటి నుంచి ప్రతి పేషెంటునూ రెండు నొప్పులు అడుగుతాను: పడుకుంటే ఎంత, కదిలితే ఎంత. అమ్మగారి విషయంలో మీరు గమనించాల్సింది కూడా రెండోదే. మంచం దిగేటప్పుడు, బాత్రూముకు నడిచేటప్పుడు, ఫిజియోథెరపిస్టు మోకాలు వంచేటప్పుడు ఎలా ఉంటున్నారో చూసి సిస్టర్‌కు అదే చెప్పండి. "రాత్రి ఒంటిగంట నుంచి మూడింటి దాకా నిద్రపోలేదు, ఇటు తిరగలేకపోయింది" అనే ఒక్క వాక్యం మాకు ఏ అంకె కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పదికి ఎంత అనే లెక్క మన పెద్దవాళ్ళలో చాలామందికి ఎక్కదు. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే ఇంతకు మించి ఊహించలేని నొప్పి. నేనైతే రూపాయి లెక్కలో అడుగుతాను. "నిన్నటి నొప్పి రూపాయి అనుకో పెద్దమ్మా, ఇవాళ ఎంతుంది?" అంటే "ముప్పావలా ఉందమ్మా" అని ఠక్కున చెప్పేస్తారు. ఏజెన్సీ కొండ ఊళ్ళ నుంచి వచ్చి తెలుగు అంతగా రాని వాళ్ళకైతే నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా బొమ్మలున్న కార్డు చూపిస్తాం. అంకె ఒకరిని ఇంకొకరితో పోల్చడానికి కాదు. పక్క మంచం ఆవిడ మూడు అంది కాబట్టి మీ అమ్మగారు ఆరు అనకూడదని లేదు. అమ్మగారికి మందు ఇచ్చాక ఆ ఆరు ఎంతకు దిగిందన్నదే మాకు కావాలి.

అంకె కన్నా మన తెలుగు మాటలే నాకు ఎక్కువ చెబుతాయి. "సలుపుతోంది" అంటే వాపు, చీము ఉన్నాయేమో చూస్తాను. "మండుతోంది, జివ్వుమని పాకుతోంది, తిమ్మిరెక్కింది" అంటే నరం సంగతేమోనని డాక్టరుగారికి విడిగా చెబుతాను, ఎందుకంటే అలాంటి నొప్పికి మామూలు మాత్రలు సరిగ్గా పనిచెయ్యవు. కడుపులో "మెలిపెడుతోంది" అంటే అది ఇంకో దారి. అందుకే అమ్మగారు ఏ మాట వాడితే ఆ మాటే మాకు చేరవెయ్యండి, ఇంగ్లీషులోకి మార్చకండి.

మందు సంగతి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరు రాస్తారు. నర్సు తనంతట తాను పెంచడానికి వీల్లేదు. కానీ చాలడం లేదని చార్టులో ఉంటేనే, ఫోన్ చేసి చెబితేనే డాక్టరు మారుస్తారు. మీరు మొహమాటపడితే ఆ గొలుసు మొదట్లోనే తెగిపోతుంది. ఐవీలో, అంటే నరంలోకి, ఇచ్చాక పావుగంట నుంచి అరగంటలో, మాత్ర ఇచ్చాక సుమారు గంటలో మళ్ళీ వచ్చి అడగడం మా పని. ఎవరూ రాకపోతే పిలవండి. నొప్పి ముదిరాక తగ్గించడం కష్టం కాబట్టి, ఎక్సర్‌సైజుకు ముందే మందు పడేలా సమయం కుదర్చమని అడగండి.

అలవాటు గురించి: పారాసెటమాల్ అలవాటయ్యే మందు కాదు. ట్రమడాల్, మార్ఫిన్ లాంటివాటికి ఆ గుణం ఉంది. అయితే ఆపరేషన్ తర్వాత డాక్టరు కనిపెట్టుకుంటూ కొద్ది రోజులు ఇచ్చే మందుకు భయపడి నొప్పి భరించాల్సిన అవసరం లేదు. భరిస్తే మోకాలు వంగదు, నడక వెనకబడుతుంది. ఆ మందులతో మేము చూసేది మత్తు. పిలిస్తే సరిగ్గా పలకకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే కేకెయ్యండి. మలబద్ధకం కూడా వస్తుంది, దాని గురించి సిగ్గుపడకుండా చెప్పమనండి. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు: బయట షాపులో నొప్పి బిళ్ళలు కొని వేయడం. పారాసెటమాల్ చాలా మాత్రల్లో కలిసి ఉంటుంది, పిల్లలకే కాదు, ఎదిగినవాళ్ళకు కూడా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, కొందరికి డాక్టరు ఇంకా తగ్గిస్తారు. మిగతా నొప్పి బిళ్ళలు చాలావరకు కడుపుకూ కిడ్నీలకూ చేటు చేస్తాయి.

ప్రేమతో అందరూ చేసే పని ఒకటుంది, మోకాలి కింద తలగడ పెట్టడం. అప్పటికి హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగిన చోటే బిగుసుకుపోతుంది. తలగడ మడమ కింద పెట్టండి. ఐసు ప్యాకును గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టొచ్చు. కట్టు తడవకుండా చూసుకోండి.

నొప్పి మందుకు లొంగకపోవడం కూడా ఒక కబురే. గాజువాక నుంచి వచ్చిన ఒక కుర్రాడికి విరిగిన కాలికి కట్టు వేశారు. ఇంజెక్షన్ ఇచ్చినా అరుపులు ఆగలేదు. ఓర్చుకోలేకపోతున్నాడని ఇంట్లోవాళ్ళే కసురుకున్నారు. కాలివేళ్ళు మెల్లగా పైకి లాగి చూస్తే గిలగిల్లాడిపోయాడు. లోపల వాపు బిగిసి రక్తం ఆడటం లేదు. డాక్టరు పరుగున వచ్చి కట్టు కోయించి, ఆ గంటలోనే ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్ళారు. కాలు దక్కింది. 1968లోనే మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు రాసింది, పేషెంటు నొప్పి ఉందంటే ఉన్నట్టే అని. లేదన్నప్పుడు మాత్రం ఇంకోసారి చూడాలని తాత దగ్గర నేర్చుకున్నాను.

అమ్మగారికి పిక్క వాచి గట్టిపడి నొప్పి పెట్టినా, పాదం చల్లబడినా, వేళ్ళు మొద్దుబారినా, తగ్గుతున్న నొప్పి ఉన్నట్టుండి ఎగిసినా తెల్లారేదాకా ఆగకండి, బెల్ కొట్టండి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే బెల్ కొట్టి ఊరుకోకుండా మీరే నర్సులు కూర్చునే స్టేషన్ దగ్గరికి పరిగెత్తండి. ఇవాళ నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చినప్పుడు, అమ్మగారి ముందే, "కదిలితే చాలా నొప్పిగా ఉంటోందండీ, మీకు చెప్పడానికి మొహమాటపడుతోంది" అనండి.