నలుపు-తెలుపు ఫోటో ప్రింటులో ఆకుపచ్చ ఛాయ ఎందుకు వస్తుంది? గ్రే ఇంకులు ఎలా సెట్ చేసుకోవాలి?

రంగు ఇంకులు కలిపి బూడిద రంగు తెప్పిస్తే, ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా ఆకుపచ్చో గులాబీయో తొంగిచూస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఇంకోలా కనిపిస్తుంది. గ్రే ఇంకులంటే పలచన చేసిన నలుపే. అందుకే లేత ఛాయల్లో చుక్కలు కూడా కంటికి ఆనవు.

ఎప్సన్ పీ900 ఫోటో ప్రింటర్‌లో గ్రే, లేత గ్రే ముందే ఉంటాయి. డ్రైవర్‌లో (కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ‘అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్’ ఎంచుకోండి, చాలామందికి అదే సరిపోతుంది. గ్లాసీ కాగితానికి ఫోటో బ్లాక్, మ్యాట్ కాగితానికి మ్యాట్ బ్లాక్ పెట్టాలి. మ్యాట్ మీద ఫోటో బ్లాక్ వాడితే నీడలు వెలిసిపోయినట్టు వస్తాయి.

ఇంకుల మీద పూర్తి అదుపు కావాలా? మీ ప్రింటర్‌కు పనిచేస్తే క్వాడ్‌టోన్ రిప్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ వాడండి. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల గ్రే పట్టీ ప్రింట్ చేసి, బాగా ఆరనిచ్చి, ఒక్కో మెట్టు ఎంత నల్లగా వచ్చిందో కొలిచి, కర్వ్ (ఏ ఛాయకు ఎంత ఇంకు పడాలో చెప్పే సెట్టింగ్) సరిచేయాలి. కాగితం మారితే ఈ పని మళ్లీ చేయాల్సిందే.