267 గజాల ప్లాట్‌లో నలుగురి తిండి పండుతుందా? బియ్యం పండదు, కూర పండుతుంది

మీరు అడిగింది ఇది: శివారులో 267 గజాల ప్లాట్ కొన్నాం, ఇల్లు కట్టగా మిగిలిన జాగాలో నలుగురికి సరిపడా తిండి పండించుకుని బజారు మొహం చూడకుండా ఉండొచ్చా అని. మాదీ సరిగ్గా అదే కొలత, 40 బై 60 అడుగులు, హైదరాబాద్ శివారులో ఘట్‌కేసర్ వైపు. 2018 నుంచి చేస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. తిండి పండదు. కూర పండుతుంది, అదీ ఏడాది పొడుగునా కాదు.

ఇల్లు, కారు పెట్టే చోటు, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు చుట్టూ వదిలిన జాగా అన్నీ పోగా మాకు మిగిలింది ఓ 90 గజాలు. కొత్తలో నేనూ మీలాగే ఉబలాటపడి, వెనకవైపు చిన్న మడి కట్టి వరి వేద్దామా అన్నాను. నల్గొండ జిల్లా పల్లెలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మా అత్తమ్మ నవ్వి, "ఈ జాగల పండేటివి పిట్టలకే సాలయి బిడ్డా" అన్నారు. లెక్క వేస్తే ఆమె మాటే నిజం. ఎకరం అంటే 4,840 గజాలు. బాగా పండి ఎకరానికి 25 క్వింటాళ్ళ వడ్లు వచ్చాయనుకున్నా, మర పట్టిస్తే 16, 17 క్వింటాళ్ళ బియ్యం. మన 90 గజాలకు వచ్చేది 30 కిలోలు, అంటే నాలుగు నెలలు నీళ్ళు పెడితే ఒక నెల అన్నం. కందిపప్పు కథా అంతే. మేము కంది మొక్కలు గోడ వెంట వరసగా వేస్తాం కానీ పప్పు కోసం కాదు, సంక్రాంతి ముందు పచ్చి కాయలు ఉప్పేసి ఉడకబెట్టుకు తినడానికి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, నూనె, బెల్లం కూడా మనసులోంచి తీసేయండి.

ఇక కూరగాయల సంగతి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంటారు. నలుగురికి రోజుకు కిలో 600 గ్రాములన్నమాట. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అంత తినం, కిలోంపావు దాటదు. ఒక ఏడాది పట్టుబట్టి, కోసిన ప్రతిదీ తూకం వేసి నోటుబుక్కులో రాశాను, మా ఆయన ఎగతాళి చేస్తున్నా సరే. 300 కిలోలు దాటింది. మేము తినేదాంట్లో మూడింట రెండొంతులు. మిగతాది వారానికోసారి రైతుబజారే.

ఆ 300 కిలోల వరకు రావడానికి మూడేళ్ళు పట్టింది, ఎందుకంటే మొదటి ఏడాది మట్టి దగ్గరే బోల్తాపడ్డాను. వెంచర్ ప్లాట్ కదా, పైన రెండడుగులు మొరం, దానికింద ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు. పార దిగదు. ఒక ట్రాక్టరతను "మంచి పశువుల ఎరువు అమ్మా" అని ఒక ట్రాలీ పోసిపోయాడు. అది సరిగ్గా మాగని పేడ, అందులో వేరుపురుగు, దాంతోపాటు తుంగ గడ్డలు. పురుగు ఒక పంటకాలంలో పోయింది, తుంగ ఇప్పటికీ పోలేదు. పీకిన కొద్దీ కింద గడ్డ మిగిలి మళ్ళీ మొలుస్తుంది. మీరు ఎరువు కొంటే చేత్తో పట్టి చూడండి. వేడిగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా తీసుకోకండి. మాగిన ఎరువు పొడిపొడిగా, మట్టి వాసనతో ఉంటుంది. చెరువు మట్టి దొరికితే ఎర్రమట్టిలో కలపండి, ఒట్టి చెరువు మట్టి మాత్రం వేయకండి, ఎండితే పగుళ్ళిచ్చి రాయవుతుంది.

పేడ, ఆవు మూత్రం పులియబెట్టి చేసే ద్రవ ఎరువు జీవామృతం, దాని పెద్ద లెక్కలు చూసి భయపడక్కర్లేదు. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ గారు చెప్పే 200 లీటర్లు ఎకరానికి. మనకు 20 లీటర్ల బకెట్ చాలు: కిలో పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, పిడికెడు మట్టి, నీడలో రెండు రోజులు, పొద్దున సాయంత్రం కలపడం. ఆ రెండు రోజులూ పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు, అది వేరే విషయం.

ముందు ఆకుకూరలు పెట్టండి, ధైర్యం వస్తుంది. తోటకూర 25, 30 రోజుల్లో చేతికొస్తుంది. పాలకూర, గోంగూర కోస్తుంటే మళ్ళీ చిగురిస్తాయి, బచ్చలి తీగ ఒకసారి అల్లుకుంటే వద్దన్నా పోదు. గంగవాయిలి కూర అయితే నేను విత్తనే లేదు, మళ్ళ మధ్య దారిలో అదే మొలిచింది. నేను కలుపని పీకి పారేస్తుంటే అత్తమ్మ పరుగున వచ్చి ఏరుకుని, ఆ పూట పప్పులో వేశారు. ఆ రోజు నుంచి ఆ దారి ఆమెది.

తీగ కాయల దగ్గర చాలామంది "పూలు పూస్తున్నాయి, పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి" అని మందు కొడుతుంటారు. మందుతో పని లేదు. సొర, బీర పూలు సాయంత్రం పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి, తేనెటీగలు అప్పటికి ఇల్లు చేరిపోతాయి. ఊళ్ళో అయితే రాత్రి తిరిగే రెక్కల పురుగులు ఆ పని చేస్తాయి, మన కాలనీల్లో అవి తక్కువ. అందుకని సాయంత్రం ఆరు దాటాక మీరే ఒక మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. ఆడపువ్వుకు కింద బుల్లి పిందె ఉంటుంది, మగపువ్వుకు ఒట్టి కాడే. కాకర, దోస, గుమ్మడి మాత్రం పొద్దున్నే పూస్తాయి, వాటి సంగతి తేనెటీగలే చూసుకుంటాయి. ఇది తెలియక నేను ఒక సీజనంతా సొరకాయ కొనుక్కుని తిన్నాను, ఇంటి పందిరినిండా తెల్ల పూలు పెట్టుకుని! పిందె నిలిచాక పండుఈగ వస్తుంది, కాయలో గుడ్డు పెడితే వంకరపోయి కుళ్ళుతుంది. తీగ జాతికి క్యూ ల్యూర్ బుట్టలు, అంటే వాసనతో ఆ ఈగను లాగి పట్టేవి, కట్టాలి. మామిడికి, జామకు కట్టే మిథైల్ యూజినాల్ బుట్ట వీటికి పనిచేయదు, దుకాణాల్లో ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తుంటారు, చూసి తీసుకోండి.

దొండ ఒక్కటి మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. విత్తనం కాదు, బాగా కాసే పాదు నుంచి కొమ్మ ముక్క తెచ్చి గుచ్చాలి. మా పాదుకు నాలుగేళ్ళు. కాపు మీద ఉన్నప్పుడు మూడు రోజులకో కిలో. మా పెద్దోడు "మళ్ళీ దొండకాయా" అని కంచం ముందు కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. ఇది తమాషాకు చెప్పడం లేదు. ఇంటి తోట అంటే మనకు కావలసింది తినడం కాదు, వచ్చింది తినడం. మీ ఇంట్లో పిల్లలు దానికి ఒప్పుకుంటారా అని కొంచెం ఆలోచించుకోండి.

దేనికెప్పుడు కాలమో తప్పారంటే ఎంత ఎరువు పోసినా దండగే. నేను నాటు చిక్కుడు గింజలు జనవరిలో పెట్టాను. తీగ మేడ ఎక్కింది, ఎనిమిది నెలలు ఆకులే. నాటు చిక్కుడు పగలు పొట్టిగా ఉండే చలికాలంలోనే పూస్తుంది, ఆషాఢంలోనో శ్రావణంలోనో పెట్టినా అదే టైముకు కాస్తుంది. ఇప్పుడు మేము శ్రావణంలో పెడుతున్నాం, రథసప్తమికి రథం చేయడానికి కాయలకు లోటు లేదు. టమాటా కూడా ఇలాగే ఏడిపిస్తుంది. 2023 జూలైలో కిలో 150 దాటినప్పుడు చుట్టాలందరూ ఫోన్ చేసి "మీకేం, ఇంట్లోనే కాస్తాయి" అన్నారు. మా మళ్ళో ఒక్క కాయ లేదు! ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, రైతుకు ఎందుకు తగ్గిందో మనకూ అందుకే తగ్గుతుంది. ఫిబ్రవరిలో బజారులో కిలో పది రూపాయలకు పడిపోయినప్పుడు మా ఇంట్లో బుట్టలకొద్దీ. అప్పుడు నిల్వ పచ్చడి పెట్టుకోవడమే, కొన్ని కోసి ఎండలో ఒరుగులు చేసుకోవడమే.

ఎండ గురించి ఇంకో మాట, ప్లాట్ చూసుకునేటప్పుడు ఎవరూ చెప్పనిది. మాకు దక్షిణం వైపు ప్లాట్ ఖాళీగా ఉండేది. 2021లో అక్కడ రెండంతస్తుల ఇల్లు లేచింది. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి తేడా తెలియలేదు, నవంబరు వచ్చేసరికి పొద్దు దక్షిణానికి వంగి సగం మళ్ళు రోజంతా నీడలోనే. కూరగాయలకు మంచి సీజన్ అదే మరి. ఆ నీడలో ఇప్పుడు చామ, పసుపు, అల్లం, పుదీనా పెట్టుకున్నాం, వంగ మిరప ఇవతలికి జరిపాం. మీ దక్షిణం పక్క ఖాళీ ప్లాట్ ఉంటే అది ఎప్పటికీ అలాగే ఉంటుందని నమ్ముకోకండి.

నీళ్ళు అన్నిటికంటే పెద్ద టెన్షన్. 90 గజాలకు ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 300 నుంచి 400 లీటర్లు పడతాయి, సరిగ్గా అప్పుడే బోరు గాలి ఊదుతుంది. ట్యాంకరు నీళ్ళతో తోటకూర పెంచడం పిచ్చిపని, ఆ పిచ్చిపని నేనూ చేశాను. ఇప్పుడు డ్రిప్పు వేసి, మళ్ళ మీద ఎండాకులు పరిచి, మే నెలలో సగం మళ్ళు ఖాళీగా వదిలేస్తున్నాను. ఆర్‌వో మిషన్ వదిలే నీళ్ళు వృథా ఎందుకని ఒక ఏడాది మిరపకు పోశాను. ఆకుల అంచులు మాడి, మట్టి మీద తెల్లగా ఉప్పు పేరింది. వాటితో ఇల్లు తుడుచుకోండి చాలు.

కోతుల సంగతి రాయాలంటే ఇంకో జవాబు కావాలి. మా కోతులు కాకరకాయ, మిరప ముట్టవు, బొప్పాయి మాత్రం పండే ముందురోజే లెక్కగా వస్తాయి. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళ గ్రామప్రియ కోళ్ళు నాలుగు పెంచాం, గుడ్లు బాగానే పెట్టాయి, రెండింటిని ముంగిస ఎత్తుకుపోయాక మానేశాం.

డబ్బు మిగులుతుందా అంటే, మట్టి, పందిరి, డ్రిప్పు, షేడ్ నెట్ కలిపి మొదటి రెండేళ్ళలో మాకు 45 వేల దాకా అయింది. ఇప్పుడు ఖర్చు చాలా తక్కువ, కానీ పొద్దున గంట, సాయంత్రం అరగంట నా టైము అందులో లెక్క కట్టలేదు. కడితే మిగలదు.

మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే ఈ ఏడాది 90 గజాలూ తవ్వించకండి. ఎండ ఎక్కువసేపు పడేచోట మూడడుగుల వెడల్పున నాలుగు మళ్ళు, ఒక మూల దొండ పందిరి, గేటు పక్కన కరివేపాకు, సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఒక మునగ, అంతే. పీకేఎం-1 రకం అయితే ఆరేడు నెలలకే కాయ మొదలవుతుంది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక గింజ వేయండి. దొండ కొమ్మ ఎక్కడా దొరక్కపోతే ఇటువైపు వచ్చినప్పుడు అడగండి, మా పెద్దోడు సంతోషంగా పాదు మొత్తం పీకి ఇచ్చేస్తాడు.